పైన దక్షిణం

నవంబర్ 2, ఆదివారం

ఈ రోజు పెట్టెలు తెరిచారు. నాలుగు చెక్కపెట్టెలు, ఒక్కొక్కటీ ఎడ్లబండి అంత. చైనా నుంచి ఓడలో వచ్చాయి. ఖతర్‌లోని అల్ అజీజియాలో మేం కడుతున్న చైనా రెస్టారెంటుకు నడిమధ్యన పైకప్పు లేని వాకిలి ఒకటి ఉంది. దాని నాలుగు గోడలకు ఈ నాలుగు రాతి పలకలు బిగించాలి. నీలి డ్రాగన్, ఎర్ర పక్షి, తెల్ల పులి, నల్ల తాబేలు. తాబేలు ఒంటికి పాము చుట్టుకుని ఉంది. ఒక్కో దిక్కును ఒక్కో జంతువు కాపలా కాస్తుందట.

ముత్యం కాక పలకలను చుట్టూ తిరిగి చూశాడు. "మనకు ఎనిమిది దిక్కులకు ఎనిమిది మంది. వీళ్ళు సగం మందితోనే కానిస్తున్నరు" అన్నాడు. ఆయన గ్యాంగు అంతా నవ్వింది. మా జగిత్యాల వైపు మనిషే ఆయన. ఇరవై ఏళ్ళుగా గల్ఫులో గోడలకు రాళ్ళు బిగిస్తున్నాడు.

చైనా వాళ్ళ డ్రాయింగు ఒకటే కాగితం. ఒక చతురస్రం, నాలుగు వైపులా నాలుగు బొమ్మలు, మాటలన్నీ వాళ్ళ లిపిలో. పైన పక్షి, కింద తాబేలు, ఎడమన డ్రాగన్, కుడిన పులి. ఉత్తరం గుర్తే లేదు! ఇంత పెద్ద డిజైనర్లు, పాలిటెక్నిక్ మొదటి సెమిస్టర్లో చెప్పే సంగతి మరిచిపోయారు. రాళ్ళు బిగించే ఫిట్టర్ల కోసం నేను ఇంగ్లీషులో కొత్త షీటు గీశాను. పైన ఉత్తరం బాణం పెట్టాను. చాలా చక్కగా కుదిరింది. మా సైట్ మేనేజర్ బుర్హానుద్దీన్ సార్ ఫోన్ మాట్లాడుతూనే సంతకం పెట్టారు.

డాక్యుమెంట్ కంట్రోలర్ అంటే ఏం పని అని అమ్మ అడుగుతూనే ఉంటుంది. కాగితాలు పోకుండా చూసే పని అంటే, "గంత దూరం పోయి కాయితాలకు కావలుంటున్నవా?" అంటుంది. ఈ రోజు కావలి మాత్రమే కాదు, కాగితం నేనే తయారుచేశాను.

నవంబర్ 4, మంగళవారం

డ్రాగన్ గోడెక్కింది. చైన్ బ్లాకుతో అరగంట పట్టింది.

మధ్యలో ముత్యం కాక నా టేబుల్ దగ్గరికి వచ్చి ఏదో అడిగాడు. చెప్పి పంపాను. పదకొండు అప్రూవల్స్ పెండింగులో ఉన్నాయి.

నవంబర్ 6, గురువారం

నాలుగూ అయ్యాయి. ఒక్క మూల కూడా విరగలేదు. అమ్మకు ఫోటోలు పంపి వీడియో కాల్ చేశాను. బీడీల చాట ఒళ్ళో పెట్టుకునే చూసింది.

"దుబాయ్‌ల దేవుండ్లా గివి?"

"దుబాయ్ కాదమ్మా, ఖతర్."

"అన్నీ దుబాయే. ఆ తాబేలుకు పాము చుట్టుకున్నది గదనే, ఎవలన్న విప్పుండ్రి."

గోడల మీద ఏది ఎక్కడ ఉండాలో చెప్పింది నేనేనని అన్నాను. పక్కింటామెను పిలిచి మరీ చెప్పింది, "మా సుమలత చెప్తెనే పెట్టిండ్రట." నేను ఆపలేదు.

నవంబర్ 9, ఆదివారం

చైనా నుంచి డిజైనర్ గువో మేడమ్ వచ్చింది. యాభై ఏళ్ళు ఉంటాయి, చిన్న మనిషి. వాకిట్లోకి అడుగుపెట్టి ఆగిపోయింది. ఒక్కో గోడ వైపూ మెల్లగా తిరిగింది. మళ్ళీ ఇంకోసారి తిరిగింది. తర్వాత ఫోన్లో దిక్సూచి తెరిచి చూసుకుంది.

నాలుగూ తారుమారుగా ఉన్నాయట. తూర్పున ఉండాల్సిన డ్రాగన్ పడమటి గోడకు ఉంది. పులి తూర్పున ఉంది. దక్షిణపు పక్షి ఉత్తరానికి, ఉత్తరపు తాబేలు దక్షిణానికి పోయాయి. వాళ్ళ పాత పటాల్లో పైన దక్షిణం ఉంటుందట. మనిషి దక్షిణపు వెలుగు వైపు ముఖం పెట్టి నిలబడతాడు, కాబట్టి ఎదురుగా ఉన్నదే పైన రాస్తారట. అలా నిలబడితే ఎడమ చేతి వైపు తూర్పు.

హోటల్ ఓనర్ తరఫు మనిషి అక్కడే ఉన్నాడు. ఇరవై ఏడున ఓపెనింగ్. ఎవరు చేశారని అడిగాడు.

"లేబర్ మిస్టేక్" అన్నారు బుర్హానుద్దీన్ సార్.

రాతపూర్వకంగా రిపోర్టు కావాలన్నాడు ఓనర్ మనిషి.

అదే రోజు

నా తప్పు కాదు. ప్రపంచం మొత్తం ఉత్తరాన్ని పైన పెడుతుంది. మా సోషల్ సార్ గోడ మీద పటం తగిలించి మొట్టమొదట చెప్పిన మాట అదే. బాణం లేని డ్రాయింగు పంపింది వాళ్ళు. చూడకుండా సంతకం పెట్టింది సార్. నేను నాకు నేర్పినట్టే చేశాను.

నా తప్పు కాదు.

నవంబర్ 10, సోమవారం

సార్ నన్ను క్యాబిన్‌లోకి పిలిచారు. ఆయనది హైదరాబాద్ పాతబస్తీ, మాతో తెలుగులోనే మాట్లాడతారు.

"దేఖో సుమలతా, పేపర్ కరెక్ట్, లేబర్ రాంగ్. ఖలాస్. బాణం కిందికి పెట్టి కొత్త షీట్ తియ్యి. డేట్ మాత్రం రెండో తారీకే వెయ్యి. పాత షీట్ మాఫీ, లేదు. ఎప్పుడూ ఉండలే."

"పాత షీటు రివిజన్ జీరో అని సిస్టంల ఉన్నది సార్."

"సిస్టం నీదే కదమ్మా."

"ముత్యం కాకకు ఏమైతది సార్?"

ఆయన కాసేపు స్టాప్లర్‌తో ఆడుకున్నారు. "ఒకరిని చూపియ్యాలె. లేకుంటే నేను పోతా, నువ్వు పోతవ్. నా పిల్లలు ఇక్కడే స్కూల్‌కి పోతున్నరు. అతను ఎట్లాగూ ముసలోడైండు. టెన్షన్ నక్కో."

కొత్త షీటు తీశాను. రిపోర్టు కూడా టైపు చేశాను. ఆమోదించిన డ్రాయింగును ఫిట్టర్ల ఇన్‌ఛార్జి పాటించలేదని రాశాను. ఇది పూర్తిగా అబద్ధమేమీ కాదు. షీటు సరిదిద్దడం నా పనే. తేదీ ఒక్కటే పాతది.

పాత షీటును మాత్రం డిలీట్ చెయ్యలేదు. మా పనిలో ఏ కాగితాన్నీ చింపకూడదు. కొత్తది వస్తే పాతదాని మీద 'రద్దు' అని ఎర్ర ముద్ర కొట్టి ఫైల్లోనే ఉంచాలి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నేర్పిన మొదటి నియమం ఇదే. నేర్పింది కూడా సారే.

నవంబర్ 11, మంగళవారం

రిపోర్టు పంపలేదు. సర్వర్ పనిచెయ్యడం లేదని చెప్పాను. సర్వర్ బాగానే ఉంది.

నవంబర్ 12, బుధవారం

మధ్యాహ్నానికి పంపాను. సార్ పక్కనే నిలబడ్డారు.

గదికి వచ్చి, నాతో ఉండే ఆంజనమ్మకు జరిగిందంతా చెప్పాను. ఆమెది రాజంపేట దగ్గర పల్లె. ఇక్కడ ఒక స్కూల్లో ఊడ్చే పని. రొట్టెలు కాలుస్తూ వింది.

"ఆ ముత్యం ఇన్నేండ్లుగా గోడలకు రాళ్ళు పెడతాండాడు. ఆయనకు అనుమానం రాలేదా మ్మే?"

"వచ్చి ఏదో అడిగిండు."

"ఏదో అంటే ఏంది? ఏమడిగినాడు?"

"యాదికి లేదు."

"నువ్వు పుస్తకాలన్నీ గుర్తు పెట్టుకొనే పిల్లవి. ఆయన మాట ఒక్కటే గుర్తు లేకపాయనా?" పెనం మీద రొట్టె మాడింది. తీసి నాకే వేసింది.

గుర్తుంది. మంగళవారం ఇందులో రాయలేదు, ఇప్పుడు రాస్తాను. డ్రాగన్ పలక కింది అంచున అలలు చెక్కారు. అలల్లోంచి సగం సూర్యుడు కనిపిస్తాడు. కాక దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని వచ్చాడు.

"బిడ్డా, గీ బొమ్మల పొద్దు పొడుస్తున్నది. మనం దీన్ని పడమటి గోడకు పెడుతున్నం. ఒక్కసారి ఆ చైనోళ్ళను అడుగరాదు?"

"అది మునిగే పొద్దేమో కాకా."

"మునిగేదైతే నెత్తి ఎత్తుకొని ఎందుకు చూస్తది ఆ జీవి?"

"డ్రాయింగ్‌ల ఎట్లుంటే అట్ల పెట్టు. చదివెటోళ్ళకు తెలుస్తది."

ఈ చివరి మాట నేనే అన్నాను. ఆయన వెంట వచ్చిన ముగ్గురు గ్యాంగు వాళ్ళు వింటుండగా అన్నాను. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, హెల్మెట్ పట్టీ బిగించుకుని వెళ్ళిపోయాడు.

మా ఇంట్లో నాకంటే ముందు బడికి పోయినవాళ్ళు లేరు. కరెంటు బిల్లు చదవాలన్నా, మందు సీసా మీద ఏముందో చెప్పాలన్నా ఊరి సగం నా దగ్గరికే వచ్చేది. ఏడో తరగతి నుంచే నాకు ఆ గొప్ప అలవాటైంది. చదువు రానివాళ్ళు అడిగితే చెప్పాలి. వాళ్ళు నాకు చెప్పగలరని ఎప్పుడూ అనుకోలేదు. ఆ చైనా డ్రాయింగు పైన ఒక అక్షరం ఉంది. అదేదో కంపెనీ ముద్ర అనుకున్నాను. దాన్ని చదవలేని విషయంలో నేనూ కాకా సమానమే. ఆయన అడుగుదామన్నాడు. నేను అడగలేదు.

నవంబర్ 14, శుక్రవారం

సెలవు. కాక ఫోన్ చేసి, కరక్ చాయ్ దుకాణం దగ్గరికి రమ్మన్నాడు. క్యాంపు నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు, అందులో మడతపెట్టిన కాగితం.

"నిన్న ఆఫీసోళ్ళు ఇచ్చి సంతకం పెట్టుమన్నరు. చదివించుకొని పెడుత అన్న. ఏం రాసిండ్రు, చదువు బిడ్డా."

నా రిపోర్టులోని వాక్యాలే. కింద రెండు లైన్లు మాత్రం కొత్తవి. ఫైనల్ ఎగ్జిట్, నెలాఖరుకు.

రెండు వాక్యాలు తెలుగులో చెప్పాను. మూడోదాని దగ్గర ఆగిపోయాను.

"ఎళ్ళగొడుతున్నరా?"

"ఆఁ."

"రాయి తప్పు పెట్టిన అనా?"

"ఆఁ. సంతకం పెట్టకు కాకా."

ఆయన చాయ్ కప్పు పక్కన పెట్టాడు. "యాభై మూడేండ్లు నాకు. గిట్ల పేరు పెట్టి పంపితే మల్ల ఏ కంపెనీ తీసుకోదు. అయినా గదొక్కటే కాదు. ఇరవై ఏండ్లల్ల నేను పెట్టిన రాయి ఒక్కటి ఊడలే, ఒక్కటి వంకర పోలే. గీ కాయితం పట్టుకొని నేను ఊళ్ళకెట్ల పోవాలె?" కాగితం మళ్ళీ మడతపెడుతూ అడిగాడు, "ఎవలు రాసిండ్రు గిది?"

"ఆఫీసు" అన్నాను.

ఆఫీసట.

నవంబర్ 15, శనివారం

పొద్దున డ్యూటీకి ముందే సైటుకి వెళ్ళాను. కాక వాకిట్లో కూర్చుని స్పిరిట్ లెవెల్ గుడ్డతో తుడుస్తున్నాడు.

"కాకా, ఆ కాయితం నేనే రాసిన. బాణం పెట్టింది కూడా నేనే."

"ఎర్కే."

"ఎట్ల ఎర్క?"

"చదువుకుంట చదువుకుంట నువ్వు ఆగిపోయినవు సూడు, గాడ ఎర్కైంది. అయినా గీ సైట్ల గంత మంచి ఇంగ్లీషు ఇంకెవలికి వస్తది?"

"తిట్టు కాకా."

"తిడితే నీకు అల్కగైతది. నేనెందుకు తిడుత?" లెవెల్‌ను వెలుతురుకు ఎత్తి బుడగ చూశాడు. "రేపు ఆ చైనామెతోని మీటింగున్నదట గదా. గాడ చెప్పు."

"చెప్తే నా నౌకరి పోతది."

"ఇప్పుడు నాది పోతలేదా?"

లేచి గ్యాంగును కేకేశాడు, "యల్లా, నిలబడి సూస్తే పని అయితదా!" ఆ కేక వాళ్ళకో నాకో తెలియలేదు.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. ఉద్యోగం పోవచ్చని చెప్పాను.

"తప్పు చేసినవా?"

"చేసిన."

"దాసినవా?"

"దాసిన."

బీడీలు కట్టే చప్పుడు ఆగింది. "నేను పదహారేండ్లు దారం సుట్టింది దాసుడు నేర్పనీకేనా? ఇంటికి వచ్చినా మంచిదే, రాకున్నా మంచిదే. నౌకరి పోతే ఇంకోటి. ఇంకో ముచ్చట చెప్పకు నాకు." ఫోన్ పెట్టేసింది.

నవంబర్ 16, ఆదివారం

చెప్పేశాను.

వరుసగా రాయాలి.

మీటింగులో సార్, ఓనర్ తరఫు మనిషి, గువో మేడమ్, నేను. నా పని మినిట్స్ రాసుకోవడం. సార్ కొత్త షీటును బల్ల మీద పెట్టారు. కాగితం సరిగ్గానే ఉందని, ఫిట్టర్ చూసుకోలేదని, అతన్ని ఇంటికి పంపుతున్నామని అన్నారు. ఓనర్ మనిషి తల ఊపాడు. అందరూ తర్వాతి విషయానికి వెళ్ళబోతున్నారు. పెన్ను బల్ల మీద పెట్టి లేచాను.

"ఈ షీటు సోమవారం తీసింది. తేదీ తప్పు. ఫిట్టర్లకు ఇచ్చింది ఇది కాదు" అన్నాను. ఇంగ్లీషులోనే. వ్యాకరణం ఎక్కడా తప్పలేదు.

ఫైలు తెరిచి పాత షీటు తీశాను. ఎర్ర ముద్రతో ఉంది.

"సుమలతా, బైఠో" అన్నారు సార్.

కూర్చోలేదు. "ఉత్తరం బాణం నేను పెట్టాను. మీ డ్రాయింగు చదవడం నాకు రాలేదు. రాలేదని ఒప్పుకోకుండా నాకు తెలిసిన పద్ధతిలో గీశాను. ఫిట్టర్ ముత్యం వచ్చి, డ్రాగన్ కింద ఉదయించే సూర్యుడు ఉన్నాడు, చైనా వాళ్ళను అడగమని చెప్పాడు. నేను అడగలేదు. ఈ గదిలో ఉన్న ఎవరికంటే ముందు ఆ పలకను సరిగ్గా చదివింది అతను."

గువో మేడమ్ షీటు తన వైపు తిప్పుకుంది. నా బాణం మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత వాళ్ళ డ్రాయింగు పైనున్న అక్షరాన్ని చూపించింది.

"దీన్ని ఏమనుకున్నావు?"

"కంపెనీ ముద్ర."

"ఇది దక్షిణం." ఆమె నవ్వలేదు.

"మీ డ్రాయింగు మీద ఇంగ్లీషులో ఒక్క మాట కూడా లేదు మేడమ్. ఆ ఒక్క మాట ఉంటే నేను ఈ తప్పు చేసేదాన్ని కాదు." ఇలా అనాలని ముందుగా అనుకోలేదు. కానీ నిజమే కదా. నా తప్పు నేను ఒప్పుకున్నాను, ఆమెది నేనెందుకు మొయ్యాలి?

ఆమె తల ఊపింది. తన నోటు పుస్తకంలో ఏదో రాసుకుంది. ఆ ఫిట్టర్‌ను చూడాలని అడిగింది. కాకను పిలిపించారు. కాక హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆమె చెయ్యి చాపింది. సిమెంటు చేతిని ప్యాంటుకు రెండుసార్లు తుడుచుకుని అప్పుడు పట్టుకున్నాడు.

"ఈ నాలుగు పలకలూ విరగకుండా దింపి మళ్ళీ పెట్టగలరా అని అడుగుతున్నారు" అని తెలుగులో చెప్పాను.

"పెట్టినోనికి దింపుడు రాదా? పది రోజులున్నయి గదా. నా పిల్లగాండ్లను వేరే సైటుకు గుంజకుండ్రి అని చెప్పు. గట్లనే ఆ కాయితం వాపస్ తీసుకోమను."

అంతా చెప్పాను. ఒక్క మాట కూడా మెత్తబరచలేదు. కాగితం వెనక్కి తీసుకున్నారు.

బయటికి వచ్చాక సార్ నా ముఖం చూడలేదు. "నీకు వార్నింగ్ లెటర్. కాంట్రాక్ట్ సంగతి డిసెంబర్‌లో చూస్తరు. నా సంగతి కూడా. ఖుష్?"

ఖుష్ కాదు. ఆయన పిల్లలు గుర్తొచ్చారు. అయినా రేపు మళ్ళీ అడిగినా ఇదే చెబుతాను.

నవంబర్ 17, సోమవారం

నా వార్నింగ్ లెటర్ నేనే టైపు చేశాను. ఆఫీసులో ఇంకెవరికీ అంత ఇంగ్లీషు రాదు. మొదటి పేరాలో సార్ రాయించిన ఒక వాక్యం తప్పు, ఎవరూ నన్ను హెచ్చరించలేదని ఉంది. ముత్యం హెచ్చరించాడని దిద్దాను. సార్ చదివి, పళ్ళు కొరికి, సంతకం పెట్టారు. ఈసారి చదివి పెట్టారు.

నవంబర్ 18, మంగళవారం

కొత్త షీటు గీసేముందు వాకిట్లోకి వెళ్ళాను. కాక డ్రాగన్ బోల్టులు విప్పిస్తున్నాడు.

"కాకా, జెర గిది చూడు. ఏ గోడకు ఏది?"

"నన్నడుగుతున్నవా?"

"నిన్నే."

ఆయన గ్యాంగు వైపు తిరిగి, "ఇనుండ్రిరా, చదివెటోళ్ళు వచ్చి అడుగుతున్నరు" అని గట్టిగా అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు ముగ్గురి ముందు నేను అన్నాను, ఈ రోజు ఏడుగురి ముందు ఆయన అన్నాడు. నిలబడి విన్నాను.

అప్పుడు ఒక్కో గోడకూ నడిపించి చూపించాడు. నేను రాసుకున్నాను. చైనా పటంలా దక్షిణమే పైన ఉంచాను. నాలుగు గోడల పేర్లూ ఇంగ్లీషులో, చైనా లిపిలో, తెలుగులో వేశాను. చైనా అక్షరాలు గువో మేడమ్ రాసిచ్చింది. తెలుగు నాది.

కింద మూడు గళ్ళు ఉంటాయి. గీసినవారు, పరిశీలించినవారు, ఆమోదించినవారు. మొదటిదాంట్లో నా పేరు టైపు చేశాను. రెండోదాంట్లో ముత్యం పేరు టైపు చేసి, కాగితం ఆయన చేతికి ఇచ్చాను. రాత్రిబడిలో నేర్చుకున్న సంతకం ఆయనకు వచ్చు. హెల్మెట్ మీద పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పెట్టాడు. పెట్టాక దూరంగా పట్టుకుని, రాయి వంకర ఉందేమో చూసినట్టే చూశాడు.

నవంబర్ 19, బుధవారం

సార్ షీటు వెనక్కి పంపారు. రెండో గడిలో పేరు కొట్టేసి ఉంది. ఫిట్టర్లు పరిశీలించరట, అలాంటి పద్ధతి లేదట.

"ఆయన పరిశీలించిండు గదా సార్" అన్నాను.

"ఫార్మాట్‌లో ఇంజనీర్ పేరు రావాలె."

"అయితే ఇంజనీర్‌ను పంపుండ్రి. వాకిట్ల నిలబడి నాలుగు గోడలు చూసి, నాకు చెప్పుమనుండ్రి. ఆయన పేరు వేస్త."

ఎవరూ వెళ్ళలేదు. కాక పేరుతోనే మళ్ళీ ప్రింటు తీసి, కాకతో సంతకం పెట్టించి సార్ బల్ల మీద పెట్టాను. మధ్యాహ్నానికి కొట్టివేతతో తిరిగి వచ్చింది. మళ్ళీ తీశాను. కాక మళ్ళీ సంతకం పెట్టాడు. ఈసారి అక్షరాలు త్వరగా పడ్డాయి.

కొట్టేసిన రెండింటి మీదా ఎర్ర ముద్ర వేసి ఫైల్లో పెట్టాను. మూడోది ఇప్పుడు సార్ దగ్గర ఉంది. కొట్టేస్తే నాలుగోది తీస్తాను. ప్రింటర్ నా టేబుల్ పక్కనే ఉంది.